దొడ్డమ్మ మౌనవ్రతం

“పాస్‌పోర్టు మాయమైపోయింది!”

వెంకటేశప్ప కేకకు కాటన్‌పేటలోని ఆ ఇల్లంతా ఉలిక్కిపడింది. టైము పదకొండు. పన్నెండింటికల్లా హాన్నా విదేశీయుల నమోదు ఆఫీసులో ఉండాలి. జర్మనీ నుంచి చదువుకోడానికొచ్చి వాళ్లింట్లో దిగిన ఆ అమ్మాయికి ఇవాళే ఆఖరి గడువు. తప్పితే పెట్టె సర్దుకోవాల్సిందే.

“పొద్దున నా టేబుల్ మీదే ఉంది అంకుల్,” ఇంగ్లీషులో అంది హాన్నా, ఏడుపు గొంతుతో.

“పొద్దున్నించి ఆ రూములోకి ఎవురెవురు పోయినారు?” వెంకటేశప్ప ఇన్‌స్పెక్టర్‌లా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ముందు మీ కళ్లద్దాలు వెతుక్కోండి,” అంది భార్య నళిని. “అవే దొరకలేదు, దొంగను పడతారంట!”

“నువ్వు నోరు మూసుకోని సుమ్మనుండు!”

పూజగదిలోంచి గంట గట్టిగా మోగింది. మోగించింది వెంకటేశప్ప తల్లి దొడ్డమ్మ. ఏటా సరస్వతీ పూజనాడు సాయంత్రం దీపం పెట్టేదాకా ఆమె నోరు విప్పదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ వ్రతం తప్పలేదు. అమ్మవారి ముందు ఇంట్లోని పుస్తకాలన్నీ గుట్టగా పేర్చి ఉన్నాయి. దశమి దాకా వాటిని ఎవరూ ముట్టకూడదు.

దొడ్డమ్మ అమ్మవారి వైపు వేలు చూపించింది.

“మొక్కుకోమంటా ఉండాది,” వెంకటేశప్ప గబగబా చెంపలేసుకున్నాడు.

దొడ్డమ్మ తల అడ్డంగా ఊపి, రెండు అరచేతులూ కలిపి తెరిచి చూపించింది.

“హారతి తీసుకోమంటా ఉండాదేమో,” అంది నళిని.

దొడ్డమ్మ నుదురు కొట్టుకుంది.

వెంకటేశప్ప చూపు పనిమనిషి మీద పడింది. “పుష్పావతీ! ఆ రూము ఊడ్చింది నువ్వే కదా? నిజం చెప్పు. లేకుంటే స్టేషన్‌కి పోదాం పా.”

పుష్పావతి చేతిలోంచి చీపురు జారిపోయింది. “నాకెందుకు సార్ అది? ఎనిమిదేండ్లయింది, ఈ ఇంట్లో ఒక చెంచా ఎత్తుకున్నానా?”

హాన్నా మాత్రం దొడ్డమ్మ చేతులనే చూస్తోంది. రెండు వారాలుగా ఇద్దరి మధ్యా నడిచింది సైగలే. అన్నం పెట్టనా, నీళ్లు కాగినాయి, తల దువ్వుకో... అన్నీ చేతులతోనే. ఉన్నట్టుండి “బుక్!” అంటూ హాన్నా పూజగదిలోకి ఉరికి పుస్తకాల గుట్టలో చెయ్యి పెట్టింది.

“ముట్టద్దు తల్లీ! దశమి దాకా ముట్టరాదు!” అడ్డం పడ్డాడు వెంకటేశప్ప.

దొడ్డమ్మ కొడుకును ఒక్క తోపు తోసింది.

పంచాంగం అడుగునుంచి పసుపూ కుంకుమా పూసుకుని పాస్‌పోర్టు బయటికొచ్చింది.

“చూసినారా, ఎంత తెలివిగా దాచిందో!” వెంకటేశప్ప పుష్పావతికేసి వేలు చూపించి ఫోన్ తీశాడు. “ఇప్పుడే పోలీసులకి చెప్తా ఉండా!”

టప్! పాస్‌పోర్టుతో పాటే బయటికొచ్చిన వెంకటేశప్ప కళ్లద్దాలు నేల మీద పడ్డాయి.

దొడ్డమ్మ ఇక సాయంత్రం దాకా ఆగలేకపోయింది.

“ఈ పాప టేబుల్ మీది పుస్తకాలు కూడా పూజకని ఎత్తుకొచ్చింది నువ్వే కదరా! దొంగవి నువ్వే, వెంకటేశా!”