చీకటి కూటం పెద్ద

“అక్కడ ఏం చేస్తారో చెప్పి కదలండి బావా,” అంటూ బావమరిది దుకాణం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

తాళాల మేస్త్రి చేతిలోని ఆకురాయి బల్లమీద పెట్టాడు. వారం వారం చీకటి నేలమాళిగలో దూరే ఈ మనిషి గురించి వీధి వీధంతా చెవులు కొరుక్కుంటోందనీ, అక్క మెతకది కాబట్టి నోరెత్తడం లేదనీ బావమరిది బాధ.

“మీ అక్కకి నా మీద నమ్మకం. నీకు లేదు కాబట్టి చెప్పదగినంత చెబుతాను, విను,” అన్నాడు మేస్త్రి మీసం సవరించుకుంటూ.

వెనకటికెప్పుడో ఒక గని కూలిందట. లోపల చిక్కుకున్నవాళ్ళు కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో ఒకరి చేయి ఒకరు పట్టుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. బయటపడ్డాక చూసుకుంటే, మేనేజరు అంతసేపూ పట్టుకున్నది ముందురోజు తాను చెంప వాయించిన కూలీ చేతిని. పగటి వెలుగులో కనపడని మనిషి చీకట్లో దొరికాడని, బతికినవాళ్ళంతా కలిసి ఈ కూటం పెట్టారు. లోపల పేరు చెప్పరు, పలకరించుకోరు, ముసుగు తీయరు. ఎవరిదని అడగకుండా పక్కవాళ్ళ చేయి పట్టుకుని కూర్చోవడమే సాధన. ఆ పట్టు పగలు కూడా వదలకుండా ఉండగలగడమే గమ్యం.

“జనం మా మీద రాళ్ళు రువ్విన రోజుల్లో ఇక్కడి కూటాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన పెద్ద ఒకరున్నారు. ఎవరో మాకెవరికీ తెలీదు. ఇవాళ బాధ్యత దిగిపోతున్నారు. దిగేనాడు మాత్రం ముసుగు తీస్తారు. ఆ పాదాలకి మొదటి దండం నాది,” అన్నాడు మేస్త్రి. ఆ మాటంటుంటే అతని ఛాతీ ఉబ్బింది. బావమరిది గుమ్మం వదిలి పక్కకి తప్పుకున్నాడు.

నేలమాళిగలో ఆ కూటం చరిత్రలోనే అరుదుగా వెలిగే దీపం వెలిగింది. నడుమ నిలబడ్డ పెద్ద తన ముసుగు మీద చేయి వేసేలోపే మేస్త్రి వంగి రెండు పాదాలూ కళ్ళకద్దుకున్నాడు. ఏ జడ్జిగారో, ఏ పెద్ద డాక్టరో అనుకుంటూ తలెత్తాడు.

అప్పటికి పెద్ద ముసుగు తీసేశారు. మేస్త్రి ఆ ముఖం వంకే చూశాడు. తర్వాత మెల్లగా లేచి, భుజమ్మీద కండువా సర్దుకుని, ముసుగుల వైపు తిరిగి, గదంతా వినపడేలా అన్నాడు.

“మా ఆవిడండీ.”