కడుపు ఆపరేషన్

ఆపరేషన్‌కు ఇంకా గంట ఉందనగా అత్త ఊడిపడింది.

ఎవరికి తెలియకూడదని మాలతి అనుకుందో ఆ మనిషే గది తలుపు దగ్గర నిలబడి ఉంది. చంకలో సంచి. కాళ్లకు దుమ్ము. పోచంపల్లిలో తెల్లారి బస్సెక్కి, ఎల్బీనగర్‌లో దిగి, దవాఖాన ఎక్కడని అడుక్కుంటూ వచ్చినట్టుంది రాజేశ్వరమ్మ.

మాలతి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. దవాఖాన గౌను వెనక ముడి అందలేదు. ఉన్నవాటిలో పెద్దదే అది. ఇందాక నర్సు ఇంకో గౌను తెచ్చి వెనక నుంచి తొడిగింది. తొడుగుతూ ఆమె నవ్వు ఆపుకోవడం మాలతి కంటపడనే పడింది.

"నువ్వు చెప్పినవా?" అన్నట్టు మొగుడి వైపు చూసింది.

ఉపేందర్ దగ్గరకొచ్చి గొణిగాడు. "ఫోన్ల ఒకటే సతాయిస్తుంటె కడుపు ఆపరేషన్ అన్న. ఎవ్వరికి చెప్పకు అన్న. గంతే." ఆ వెంటనే, "జర ఛాయ్ తాగొస్త" అని జారుకున్నాడు.

అత్త, కోడలు మిగిలారు.

మాలతిది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షోరూం పని. పుట్టింది నేతగాళ్లింట. తను భుజాన వేసుకుని కొంగు చూపిస్తే ఆ చీర మళ్లీ మడతలోకి పోయేది కాదు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక ఒళ్లొచ్చింది. పోయిన దసరాకు ముందు ఓనరు ఆమెను ముందు కౌంటరు నుంచి తీసి వెనక లైనింగు గుడ్డల దగ్గర వేశాడు. "కూసొని చేసే పని అక్కా, నీకు సుఖం" అన్నాడు. ఆ సుఖానికి బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చింది.

ఇక అత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండో కాన్పులోనూ ఆడపిల్లేనని నలుగురిలో దెప్పింది. బోనాలకు వాడకట్టంతా ఉండగా, "మా కోడలు నిలవడితె వడ్ల గుమ్మి నిలవడ్డట్టె" అంది. అందరూ నవ్వారు. మాలతి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా సిగ్గు.

ఇప్పుడు మళ్లీ ఏమంటుందో! నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటున్నవా అంటుంది. ఊరంతా చాటుతుంది. అది నిజం కూడా కదా అనుకుంది మాలతి.

అసలు నిన్నటి నుంచే ఆమె తేల్చుకోలేకపోతోంది. "జీర్ణాశయంలో ముప్పావు వంతు తీసేస్తాం. తీసింది మళ్లీ రాదు. బాగా ఆలోచించుకున్నారు కదమ్మా?" అన్నాడు డాక్టరు. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. రేపు ఏ పెళ్లిలోనో రెండు ముద్దలకే చెయ్యి కడుక్కోవాలి. అప్పుడు ఏడ్చి ఏం లాభం?

రాజేశ్వరమ్మ స్టూలు మీద కూర్చుంది. కోడలి మొఖం అదేపనిగా చూసింది.

"మొఖం గట్ల పీక్కపోయిందేంది బిడ్డా? వాంతులైతున్నయా?"

"అయితున్నయ్ అత్తమ్మా." రెండు వారాలుగా డాక్టరు రాసిన పౌడరు నీళ్లే తిండి. వాసనకే తిప్పుతోంది.

"ఎప్పటిసంది నడుస్తుంది గీ ముచ్చట?"

"మూడు నెల్లాయె."

"మూడు నెల్లు! నాకొక్క మాట చెప్పకపోతివి."

"సిగ్గనిపిచ్చింది."

"సిగ్గెందుకే? ఆడదాని ఒళ్లన్నంక గివన్ని ఉండయా?"

మాలతి తలెత్తి చూసింది. ఎకసెక్కం కాదు. అత్త స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"తీసేసినంక మళ్ల కావాలంటె వస్తదా బిడ్డా?"

"రాదు."

"మరి రేపు కుమిలి కుమిలి సస్తె? ఎవరొచ్చి ఓదారుస్తరు?"

తన భయమే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది మాలతికి.

"నా నోటిదూలనే నిన్ను గీడికి తెచ్చింది." రాజేశ్వరమ్మ తల దించుకుంది. ఆ మనిషి తల దించడం మాలతి ఏనాడూ చూడలేదు. "అన్న. ఒక్కసారి గాదు, నలుగురిల వెట్టి అన్న. నువ్వు నవ్వి ఊకున్నవ్ గని లోపల ఎంత రంపపు కోత వడ్డవో. నా నాలిక కోసినా పాపం లేదు."

"పోనీ అత్తమ్మా..."

"పోనియ్యను. నువ్వు గిట్లుంటె నాకేం నామోషి లేదు బిడ్డా. ఎవడన్న ఏమన్న అంటె వాని నోట్ల మన్ను వోస్త. గా కత్తుల కింద పండకు. నీ కాళ్లు మొక్కుత."

మాలతికి దుఃఖం తన్నుకొచ్చింది. నువ్వు ఇలాగే ఉండు అని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. మొగుడు కూడా "నీ ఇష్టం" అన్నాడే గానీ వద్దనలేదు. అనాల్సిన మాట, అస్సలు అనదనుకున్న మనిషి నోట వచ్చింది.

నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. "టైమైంది మేడం, వెళ్దామా?"

"నేను చేయించుకోను సిస్టర్."

"ఏంటండీ? డాక్టర్‌గారు లోపల రెడీగా ఉన్నారు."

"నాకొద్దు. పోయి చెప్పండి."

నర్సు బిత్తరపోయి వెళ్లిపోయింది. మాలతి దుప్పటి తీసి పక్కన పడేసి లేచి కూర్చుంది. గౌను సర్దుకోలేదు. పొట్ట మీద చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఇంకొకరి ముందు అలా కూర్చుని ఎన్నేళ్లయిందో.

"పా అత్తమ్మా, ఇంటికి పోదాం."

రాజేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. వంగి, రెండు చేతులూ కోడలి పొట్ట మీద మెల్లగా ఆనించింది.

"మూడోది గూడ ఆడపిల్లనే అయితె ఏమాయె బిడ్డా, నువ్వు కని నా ఒళ్లె వెయ్యి, నేను సాదుకుంట" అంది.