కెనడా రూలు ప్రకారం కట్టిన సైకిళ్లు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ దుప్పట్లు తర్వాత మడత పెట్టుకోవచ్చు. అమెరికాలో అరోరా అనే ఊళ్లో సైకిళ్లు పోయిన సంగతి చెబుతాను. ఇందులో పోలీసు కూడా వస్తాడు, మీకు కావలసింది అదేగా.

రెండువేల తొమ్మిది వేసవి. శనివారం పొద్దున ఆరున్నర. జగదీష్ లగేజీతో అపార్ట్‌మెంట్ మెట్లు దిగి పార్కింగ్‌లోకి వచ్చేసరికి వ్యాన్ ఉంది, వెనక కట్టిన సైకిళ్లు లేవు. సైకిళ్లే కాదు, వాటిని మోసే ర్యాక్ కూడా లేదు. దాన్ని బిగించిన ఎనిమిది పట్టీలూ లేవు. వ్యాన్ మీద మాత్రం ఒక్క గీత పడలేదు. కడిగి బోర్లించిన కంచంలా ఉంది.

“విద్యా! సైకిళ్లు కొట్టేశారు!”

ఆ రెంటిలో ఒకటి కూతురు దియది. గులాబీ రంగుది, బెల్లు కూడా మోగదు. అది పోయినా ఎవరూ ఏడవరు. రెండోది ఆఫీసులో మేనేజర్‌ది. నయాగరాకు వెళుతున్నారుగా, కెనడా వైపు నది పక్కన తొక్కుకోమని ప్రేమగా ఇచ్చాడు. జగదీష్ గ్రీన్ కార్డ్ కాగితాలు అప్పటికి ఆ మేనేజర్ టేబుల్ మీదే ఉన్నాయి, సంతకం కోసం.

“ఆయనకి ఏం చెప్పను? ఇంక సంతకం పెడతాడా? మూటాముల్లె సర్దుకోవడమే మనం!”

“ముందు పోలీసులకి కాల్ చేయండి. ఏడుపు తర్వాత,” అంది అతని భార్య విద్య.

పాపం, అతను సైకిళ్లు కట్టిన తీరు చూస్తే దొంగకైనా జాలి వేయాలి. పరాయి దేశంలో కారు నడపబోతున్నాం, చిన్న తప్పు దొరికినా వీసా మీదికి వస్తుందని వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని రూల్స్ చదివాడు. వెనక లైట్లు దాగకూడదు. నంబర్ ప్లేట్ దాగకూడదు. చక్రాలు పక్కలకి పొడుచుకు రాకూడదు. ఆ పొద్దున ఐదింటికే లేచి, దియ చేత టేపు పట్టించి మరీ కొలిచాడు.

“డాడీ, మనం కెనడా పోతున్నామా, మూన్‌కి పోతున్నామా?” అందా పిల్ల కళ్లు మూసుకునే.

“నవ్వకు. వాళ్లు ఆపితే నువ్వొచ్చి మాట్లాడతావా?”

కట్టడం అయ్యాక పైకి వెళ్లి స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, నాలుగు ఇడ్లీలు తిని కిందికి దిగాడు. ఇంతలోనే ఇంత పనీ జరిగిపోయింది.

పోలీసు ఆఫీసర్ వచ్చాడు. చేతిలో కాఫీతో వ్యాన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఎంతసేపు వదిలి వెళ్లారు?”

“నలభై నిమిషాలు సార్.”

“నలభై నిమిషాల్లో ఎనిమిది పట్టీలు విప్పి, ర్యాక్‌తో సహా ఎత్తుకుపోయాడు. ఒక్క గీత లేదు.” ఆఫీసర్ తల ఊపాడు. “బాగా చేయి తిరిగినవాడే. ఎవరిమీదైనా అనుమానం ఉందా?”

జగదీష్ చూపు తన వ్యాన్ పక్కనున్న ఖాళీ జాగా మీద పడింది. అక్కడ రోజూ పక్కింటి కృష్ణమోహన్ వ్యాన్ ఉంటుంది.

“విద్యా, నిన్న సాయంత్రం ఆయన ఆ సైకిల్‌ని నిమిరి నిమిరి చూశాడు, గుర్తుందా? వెన్నముద్దలా ఉందయ్యా అన్నాడు!”

“ఛీ, ఊరుకోండి. ఆయన గుడిలో వాలంటీర్.”

“అయితే? ఇంత పొద్దున్నే ఎక్కడికి పోయాడు? ఫోన్ కూడా ఎత్తడే!”

ఆఫీసర్ పేరు రాసుకుని రేడియోలో ఏదో చెప్పాడు. పావుగంటలో జవాబు వచ్చింది. గుడి పార్కింగ్‌లో కృష్ణమోహన్ వ్యాన్ ఉంది. వెనక ర్యాక్ ఉంది. ర్యాక్ మీద రెండు సైకిళ్లు ఉన్నాయి, ఒకటి గులాబీ రంగుది.

“చూశావా!” జగదీష్ ఎగిరి గంతేశాడు. “ప్రసాదం పంచే చేతులు! అవే చేతులు!”

గుడి దగ్గరున్న పోలీసు ఈ ఆఫీసర్‌కి ఫోన్ కలిపి కృష్ణమోహన్ చేతికిచ్చాడు. స్పీకర్‌లోంచి ఆయన గొంతు పార్కింగంతా మోగింది.

“ఏంటయ్యా జగదీష్ ఇది? నాకేం తెలీదయ్యా! పులిహోర డబ్బాలు పక్క డోర్‌లోంచి ఎక్కించి, టాప్ దాకా పేర్చుకుని వచ్చా. మిర్రర్‌లో పులిహోర తప్ప ఏం కనపళ్లా! గుడి ముందర పోలీసులు నిలబెట్టారు నన్ను. పూజారిగారు మంత్రం ఆపేసి చూస్తున్నారు!”

“దొరికినవాళ్లందరూ ఇదే మాట అంకుల్!”

“అంకుల్ అంటూనే దొంగని చేశావు కదయ్యా!”

ఆఫీసర్ ఫోన్ కట్టేశాడు. “సైకిళ్లు మీవేనని రుజువు ఏమైనా ఉందా?”

విద్య తన ఫోన్ తీసింది. కట్టడం పూర్తయ్యాక, కెనడా పోలీసులు ఆపితే చూపించడానికని దియ చేత తీయించిన ఫోటో అందులో ఉంది. సైకిళ్ల పక్కన జగదీష్ పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

“చూడండి సార్, నంబర్ ప్లేట్ మీద నీడ కూడా పడలేదు. హాయిగా చదువుకోవచ్చు!”

ఆఫీసర్ చదివాడు. ఎదురుగా ఉన్న వ్యాన్ వెనక్కి వెళ్లి, దాని నంబరూ చదివాడు. మళ్లీ ఫోన్ చూశాడు. కాఫీ కింద పెట్టాడు.

“మీ వ్యాన్, ఆయన వ్యాన్ ఒకే మోడలా?”

“అవును సార్. ఇద్దరం కలిసి కొంటే డిస్కౌంట్ అన్నారు. ఒకే రోజు తీసుకున్నాం. కలర్ కూడా సేమ్ సిల్వ...” జగదీష్ తిరిగి పక్కనున్న ఖాళీ జాగా వైపు చూశాడు.

ఇక ఒక్క మాటే మిగిలింది. రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు ఏది మరిచినా ఇది మరవకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఆఫీసర్ ఫోన్‌ని జగదీష్ చేతిలో పెట్టి, భుజం తట్టి ఇలా అన్నాడు:

“సైకిళ్లు చాలా చక్కగా, రూలు ప్రకారం కట్టారు సార్. కాకపోతే, ఆయన వ్యాన్‌కి కట్టారు.”