నీళ్లు నిద్రపోయిన లారీ

"దీన్ని బుష్ అంటారా, ఎండిన వడియం అంటారా?"

ఆటోనగర్‌లో మెకానిక్ సొలొమోను లారీ కింద నుంచి చెయ్యి బయటపెట్టి అడిగాడు. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య కుదుపు తగ్గించే రబ్బరు ముక్క అది. నలిగి, పగిలి, రూపాయి బిళ్ల మందాన మిగిలింది.

ఎనిమిదీ అంతే.

"ఇన్నేళ్లూ దీన్ని నడిపినోడు మనిషేనా?" అన్నాడు చిట్టిబాబు.

"చవట," అంది అతని పెళ్లాం గంగాదేవి. "ఇందులో కూచుంటే వెన్నుపూస ఊడి చేతికొస్తది."

బ్రోకర్ దగ్గర పది రోజుల కిందట కొన్న లారీ. పాత ఓనర్ని వాళ్లు చూడనే లేదు. తిట్టడానికి మొహం తెలియక్కర్లేదు కదా.

సొలొమోను ఎనిమిది కొత్త బుష్‌లు వేశాడు. గిలక్కాయలా మోగే బండి పిల్లిలా నడిచింది.

మర్నాడు పొద్దున్నే కైకలూరు. లారీ బాడీలో టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి, చేపపిల్లల్ని వదిలారు. చల్లపల్లి దగ్గర రామకోటేశ్వరరావు గారి చెరువులకు చేర్చాలి. ఈ మొదటి లోడు బతికి చేరితే సీజనంతా పని వీళ్లదే. చస్తే అంతే సంగతులు.

బందరు వైపు సముద్రం చేపల వాళ్లు వీళ్లు. చచ్చిన చేపను మొయ్యడం పుట్టుకతో వచ్చు. బతికున్న చేపను మొయ్యడం ఇదే మొదలు.

"మామూలుగా నీళ్లు కొట్టడానికి వెనక ఓ మనిషుండాలి," అన్నాడు చేపపిల్లలమ్మే ఆయన. "ఈ బండికి అక్కర్లేదులే, నాకు తెలుసు."

బండిని మెచ్చుకుంటున్నాడనుకుని చిట్టిబాబు పొంగిపోయాడు.

బయల్దేరబోతుంటే భుజాన తువ్వాలుతో ఓ ముసలాయన వచ్చాడు.

"చల్లపల్లి దాకా ఎక్కించుకుంటావా బాబూ?"

"ఎక్కు బాబాయ్. ఆ తలుపు తొందరగా రాదు, ఉండు."

అతను దిగే లోపే ముసలాయన తలుపు కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్కటిచ్చాడు. తెరుచుకుంది. చిట్టిబాబుకు ఆ తలుపు లొంగడానికి వారం పట్టింది.

చేతిసంచి సీటు మీద పెట్టి, ముసలాయన చెవి ఒగ్గి ఇంజిన్ విన్నాడు.

"చప్పుడు లేదే. బుష్‌లు మార్చారా?"

"అన్నీ మార్చాం. పాత ఓనర్ ఎవడో చవట, అరిగినవాటి మీదే ఏళ్ల తరబడి నడిపాడు."

"చవటే అయ్యుంటాడు," అని ముసలాయన పడీపడీ నవ్వాడు. "సరేగానీ, నేను వెనక కూచుంటాలే. కొత్త రబ్బర్ల మీద నీళ్లు నిద్రపోతాయి."

"నీళ్లు నిద్రపోవడమేంటి బాబాయ్?" అంది గంగాదేవి.

ఆయన అప్పటికే వెనక అంచు ఎక్కేశాడు.

గుడివాడ దాటారు. వెనక ఆగకుండా చప్పుడు. తపక్, తపక్. చిట్టిబాబు అద్దంలో చూశాడు. ముసలాయన మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, చిన్నపిల్లాడిలా కొడుతున్నాడు. నీళ్లు రోడ్డు మీదికి చిమ్ముతున్నాయి.

పామర్రు సెంటర్లో బండి ఆపాడు.

"దిగు. ఆటలాడతానికి ఎక్కావా? చేపలు బెదరవూ?"

"నీళ్లు కదుపుతా ఉండాలయ్యా."

"చేపల గురించి మాకు చెబుతున్నావా?"

ముసలాయన దిగాడు. సంచి అందుకుని, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"సరే బాబూ. గుంతలొస్తే మాత్రం తప్పించమాక."

"పిచ్చి మాలోకం," అంది గంగాదేవి, బండి కదిలాక.

పావుగంట గడిచింది. బండి మెత్తగా పోతోంది. గంగాదేవికి ఆ నిశ్శబ్దం నచ్చలేదు. బండి ఆపించి వెనకెక్కింది.

చేపపిల్లలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి.

నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. కదలని నీళ్లలో గాలి కలవదు. కొత్త బుష్‌లు కుదుపంతా మింగేశాయి. ఇందాకటి దాకా వాటికి ఊపిరిచ్చింది ఆ రెండు చేతులే.

గంగాదేవి చీర ఎగదోపి నీళ్లలోకి దూకింది.

"నేను కొడతా. నువ్వు గుంతల్లోంచి పోనీ."

చిట్టిబాబు జన్మలో మొదటిసారి గుంతలు వెతుక్కుంటూ నడిపాడు. మన రోడ్ల మీద వాటికి కరువా? పడ్డ ప్రతి గుంతకూ నీళ్లు ఎగిరాయి, గంగాదేవి ఎగిరింది, చేపలెగిరాయి.

"ఇంకోటి, ఎడమ పక్క పెద్దది," అని అరుస్తోంది వెనక నుంచి.

బస్సులో జనం కిటికీలకు అతుక్కుపోయి చూశారు. కాసేపటికి చేపపిల్లలు నీళ్ల అడుక్కి దిగి ఈదడం మొదలెట్టాయి. గంగాదేవి తల నుంచి కాలి దాకా తడిసి, నవ్వాపుకోలేకపోయింది.

చెరువు గట్టు మీద రామకోటేశ్వరరావు గారు వల వేసి చూశారు. అన్నీ మిలమిలా ఎగిరాయి.

"సీజనంతా మీదేనమ్మా. పదండి, సెంటర్లో టీ తాగుదాం."

ఆయన లారీ దగ్గరికి నడిచి, తలుపు కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్కటిచ్చారు. తెరుచుకుంది.

చీర పిండుకుంటున్న గంగాదేవి చెయ్యి ఆగిపోయింది.

"ఈ కిటుకు మీకెవరు చెప్పారండీ?"

"రత్తయ్యని, మీకు ముందు ఈ బండి ఓనరు. పన్నెండేళ్లు తోలాడు, వెనక మనిషి లేకుండా. ఒక్క లోడు చావనివ్వలేదు. ఆ పాడు బుష్‌లు మార్చరా అని నేను పోరితే, మారిస్తే నీళ్లు నిద్రపోతాయండీ అనేవాడు."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"టీ పామర్రులో తాగుదామండీ," అన్నాడు చిట్టిబాబు బండి తిప్పుతూ. "ఆ చవటని ఇందాక మేమే అక్కడ దించేశాం."