ఎనిమిదో తరం

“రేపే పోయిరాప్పా. శుక్రవారం లోపల నాకు మాట కావల్ల,” అన్నాడు మునినారాయణ.

పిళ్ళప్ప అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. డెబ్బై దాటిన మనిషి. బాగేపల్లి అవతల మునినారాయణ ఊరికి చేరేసరికే ప్రాణం సగమైంది.

అతనిది వంశాలు చెప్పే వృత్తి. మూడేళ్ళకొకసారి వచ్చి, రైతు ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటి ఏడు తరాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. కొత్తగా పుట్టినవాళ్ళ పేర్లు అడిగి చేర్చుకునేవాడు. గింజలు పెడితే మూట కట్టుకుని పోయేవాడు. అంతకు పైతరాలన్నీ పుస్తకాలకెక్కి, చింతామణి అవతల అతని ఇంట్లో పెట్టెలో ఉన్నాయని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి.

మునినారాయణ కూతురు అంజనమ్మకు సంబంధం వచ్చింది. మంచేనహళ్ళి దిక్కు కొండప్ప. నలభై ఎకరాలవాడు. అతనికిది రెండో పెళ్ళి. అంతా కుదిరాక ఎవరో ముసలామె నోరు జారింది. ఈ రెండిళ్ళూ ఒకప్పుడు పెనుకొండ దిక్కున ఒకే ఊరి నుంచి వచ్చినవి కదా అంది. మూలం ఒకటైతే వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. పెళ్ళి మాటే లేదు.

“రెండిళ్ళ ఏడు తరాలూ నువ్వు నోటితో చెప్తివి. యాడా కలవలా,” అన్నాడు మునినారాయణ. “ఆ పైన పుస్తకంలో చూసి చెప్తేనే వాళ్ళ పెద్దోళ్ళు ఒప్పుతారంట. అయినా పుస్తకాలు వెంట తెచ్చుకునేదానికేమి నీకు?”

“తెచ్చే ఎద్దు సచ్చి ఆరేండ్లాయ. నేను మోయల్నా?”

“బస్సులొచ్చె. నయాపైసలొచ్చె. నువ్వింకా ఎద్దునే తలుచుకుంటాండావు.”

“ఎద్దయితే ఇంటి ముందర దించుతుండె. బస్సు దించుతుందా?”

ఇద్దరూ కూర్చుని ప్రయాణం ఆలోచించారు. తెల్లవారి బస్సుకు చిక్కబళ్ళాపురం పోవాలి. అక్కడ మారి చింతామణి. దిగినాక రెండు క్రోసుల నడక. వెతికేదానికి ఒక దినం చాలునా అని మునినారాయణ అడిగాడు. చాలునన్నాడు పిళ్ళప్ప. మళ్ళీ అదే దారిన వెనక్కి. మొత్తం నాలుగు రోజులు. తలుచుకుంటేనే పిళ్ళప్పకు నడుము పట్టేసింది.

“ఉండు, నేనూ వస్తా. నా కండ్లతో చూస్తే నిమ్మళం,” అన్నాడు మునినారాయణ.

పిళ్ళప్ప మెల్లగా తలెత్తాడు.

“పరాయోళ్ళు చూస్తాండంగా మేము పెట్టె తెరవం. మా తాతలు పెట్టిన కట్టడి. నా మీద నమ్మకం లేకపోతే ఇంకొకర్ని పిలిపించుకో.”

“కోపమెందుకప్పా. నువ్వే పో.”

లోపలి నుంచి మునినారాయణ భార్య యశోదమ్మ సంగటి తెచ్చి పెట్టింది. పక్కనే కూర్చుంది.

“మంచి మాట తేప్పా. ఇట్లాంటి ఇల్లు మళ్ళా దొరకదు. మొదటామె పాపం నీళ్ళకు పోయి బావిలో జారిపడెనంట. పిల్లాజెల్లా లేరు.”

“ఏ బావి?”

“వాళ్ళ తోటలోదే. మెట్లబావి.”

పిళ్ళప్ప సంగటి మింగాడు. మెట్లున్న బావిలో మనిషి జారి చావడం ఎట్లాగో అతనికి అంతుబట్టలేదు.

చెయ్యి కడుక్కునేందుకు అంజనమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. నీళ్ళు పోస్తూ మెల్లగా అడిగింది.

“మంచేనహళ్ళి నుంచి ఈడికి నడిచి రావల్లంటే ఎన్ని దినాలు పడుతుందప్పా?”

“నాకైతే మూడు. నీకు ఒకటిన్నర.”

చెంబు ఖాళీ అయింది. ఆమె కదల్లేదు.

“పుస్తకంలో రాసుంటే ఇంగ ఎవరూ మార్చేదానికి లేదా?”

“మా తాత రాసింది మా నాయనే మార్చలేదు. ఇంగెవరు మారుస్తారమ్మా?”

“బాగా చూడప్పా,” అని లోపలికి పోయింది.

నాలుగో నాటి సాయంత్రం పిళ్ళప్ప తిరిగొచ్చాడు. పోయినప్పటికంటే ఇంకా వంగినట్టున్నాడు. గడపకు చేరబడి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. మునినారాయణ ఆగలేకపోయాడు.

“చూస్తివా?”

“చూస్తి. ఏడింటిలో లేదు. ఎనిమిదో తరంలో ఉండాది.”

“ఏముండాది?”

“తిమ్మరాయప్ప అని ఒకాయన. ఇద్దరు కొడుకులు. కరువొచ్చి ఊరు ఇడిసినారు. పెద్దోడు ఈ దిక్కుకొచ్చె. అది మీ మూలం. చిన్నోడు మంచేనహళ్ళి దిక్కుకు పోయె. కొండప్ప నీ బిడ్డకు అన్న అవుతాడు.”

యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎనిమిదో తరం ఎవరు చూస్తారప్పా ఈ కాలంలో?” అన్నాడు మునినారాయణ.

“చూడమంటివి. చూస్తి.”

“ఇంకొక తూరి చూసొస్తావా?”

“ఎన్ని తూర్లు చూసినా తిమ్మరాయప్పకు ఇద్దరే కొడుకులు. నా కాళ్ళు ఇంగ రావు.”

మునినారాయణ అరుగు దిగి వాకిట్లో రెండు మూడుసార్లు తిరిగాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి చేసినాడని నలుగురూ ఉమ్మేస్తారు. మంచేనహళ్ళికి మనిషిని పంపి వద్దని చెప్పించడానికి పోయాడు.

అంజనమ్మ ఎవరూ అడక్కుండానే మజ్జిగ తెచ్చి పెట్టింది. పిళ్ళప్ప తాగి, కట్టె పట్టుకుని లేచాడు. చింతామణి దారి ఇంకా చాలా ఉంది.

అక్కడ అతని ఇంట్లోని పుస్తకాలన్నిటినీ చెదలు తినేసి ఐదేళ్ళయింది, ఆ పెట్టెలో ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.