కొండ దిగే సైకిలు

తెల్లారితే పందెం. మా మనవరాలు సైకిలు మీద కొండ దిగుతుందట. ముందూ వెనకా కుదుపులాపే షాకబ్జార్బర్లున్న సైకిలు చవగ్గా వచ్చిందని ఎవరో వాడేసినది కొంది. బ్రేకులు, టైర్లు, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కొత్తవి వేయించింది.

"చస్తావే, వెళ్ళకు," అన్నాను.

"నీకు భయమైతే ఇంట్లో కూర్చో తాతా."

నాకా భయం? సుత్తి తీసుకుని సైకిలు మీదికి వెళ్ళాను. పిల్ల వెనకనుంచి నా మెడ పట్టుకుని వేలాడింది. మోచేత్తో ఒక్కటి పొడిచాను. దాని పెదవి చిట్లింది. అయినా వదల్లేదు, రాక్షసి.

"దాని మీద దెబ్బ పడిందో, నిన్ను చంపేస్తా ముసలోడా."

సుత్తి పైకెత్తాను. నా మణికట్టు రక్తం కారేలా కొరికింది. మరుక్షణం సైకిలు ఫ్రేము రెండు ముక్కలై కింద పడింది.

పిల్ల ఏడుస్తూ నా గుండెల మీద గుద్దింది. గుద్దుతూనే విరిగినచోటు చూసింది. లోపల పాత పగులు. అమ్మినవాడు దాంట్లో లప్పం కూరి, పైన నిగనిగలాడే రంగేశాడు.

దాని పిడికిలి సడలింది.

"ఎంత గట్టిగా కొట్టావు తాతా?"

నా బలం గురించి ఎవరడిగినా గొప్పగానే చెబుతాను. దానికి మాత్రం ఉన్నమాట చెప్పాను.

"నేను కొట్టలేదే. నువ్వు కొరికితే సుత్తి జారి దాని మీద పడింది, అంతే."