హెల్మెట్ మీద వేలిముద్ర

అమెరికన్ ఫుట్‌బాల్‌లో టెరెన్స్ డిఫెన్సివ్ లైన్‌మన్. బంతితో దూసుకొచ్చేవాళ్లను ఎదురెళ్లి ఢీకొట్టి ఆపడం పదకొండేళ్లుగా అతని పని. తలకు తగిలే దెబ్బలతో ఆటగాళ్ల మెదడు పాడై మతిమరుపు వస్తోందని ఈ రోజుల్లో వాళ్ల హెల్మెట్లకు తాళాలు పెడుతున్నారు. ఆట రోజు పొద్దున హెల్మెట్ అతని మెదడును పరీక్షించి, బాగుంటే ఆకుపచ్చ లైటు వెలిగిస్తుంది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు వేలిముద్ర వేస్తేనే తాళం తెరుచుకుంటుంది.

ఫైనల్ రోజు లైటు వెలిగింది. అతని భార్య లొరేన్ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"తొందరగా వెయ్యి, బస్సు వచ్చేస్తుంది."

"వెయ్యను."

"లైటు వెలిగిందిగా! ఈ ఒక్క ఆట కోసం పదకొండేళ్లు ఎదురుచూశాను, లొరేన్."

"నిన్న మన పాప పేరేంటని నన్నడిగావు."

టెరెన్స్ నవ్వబోయి ఆగిపోయాడు. "నేనా? ఎప్పుడు?"

"మధ్యాహ్నం. జూన్ నీ ఒళ్లోనే కూర్చుని ఉంది."

అతను కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎంతకీ గుర్తు రాలేదు.

బయట జట్టు బస్సు హారన్ మోగింది. టెరెన్స్ హెల్మెట్‌ను బల్ల మీదే వదిలేసి ఉత్త చేతులతో వాకిట్లోకి వెళ్లాడు.

"నేనింక ఆడనని కోచ్‌కి చెప్పు," అన్నాడు డ్రైవరుతో.

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?"

"ఇంకా చాలావరకు బాగానే ఉంది," అన్నాడు టెరెన్స్. "అందుకే."